గేటు అవతలి మాత్ర

మా ఆవిడ రోజూ నా చేత నోరు తెరిపిస్తుంది. బీపీ మాత్ర అరచేతిలో పెట్టి, నీళ్ళ గ్లాసు అందించి, మింగేదాకా ఎదురుగా నిలబడుతుంది. "నోరు తెరవండి. నాలుక పైకెత్తండి" అంటుంది. నాకు ఒళ్ళు మండిపోతుంది. నేను స్టీలు ప్లాంటులో క్రేను నడిపేవాణ్ణి. కరిగిన ఉక్కుతో నిండిన పెద్ద గంగాళం నా చేతి కదలిక మీద గాల్లో నడుస్తుంది. అలాంటి మనిషిని సెక్టర్ 7 క్వార్టర్లో వంటింటి గుమ్మం దగ్గర నిలబెట్టి నాలుక కింద వెతుకుతుందంటే ఎవరికి చెప్పుకోను? చెప్పుకుంటే నవ్వుతారు. మా అమ్మ గున్నమ్మ ఎలాగూ రోజూ నవ్వుతుంది.

"ఆ మాత్ర దాసుకుని నా కొడుకు ఎవుడికి అమ్ముకుంటాడే తల్లీ?" అంటుంది కోడల్ని.

"అలవాటు అత్తయ్యా, ఏం చెయ్యను" అంటుంది మా ఆవిడ. అంటూనే పొయ్యి కట్టేసిందో లేదో చూడ్డానికి వెళ్ళిపోతుంది. అప్పటికి ఒకసారి చూసే ఉంటుంది.

పేరు రజనీకుమారి. జైలు ఆస్పత్రిలో మందుల విభాగానికి పెద్ద. ప్లాంటు క్యాంటీన్లో ఎవరైనా కొత్తవాళ్ళు "నరసింగరావు భయ్యా, మీ మిసెస్ ఎక్కడ?" అని అడిగితే "జైల్లో" అని ఊరుకుంటాను. పాపం, వాళ్ళ మొహాలు చూడాలి! ఆవిడకి ఈ సంగతి తెలిసి చాలాసార్లు తిట్టింది. తిట్టినా మానలేదు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ ఉద్యోగం వల్ల నాకు దక్కిన సరదా అదొక్కటే మరి.

సరదాతో పాటు ఇప్పుడు పని కూడా తగులుకుంది. నాకు ఆఫ్ దొరికిన సాయంత్రాలు జైలు గేటు ఎదురుగా టీ కొట్లో కూర్చుని, విడుదలై వచ్చేవాళ్ళకి మందుల సంచి అందించాలి. జీతం లేని కొలువు. దీనికంతటికీ కారణం ఏసురత్నం అనే కుర్రాడు. ఆ సంగతి చెప్పాలంటే ముందు మా ఆవిడ పని ఎలాంటిదో చెప్పాలి.

జైల్లో మందులివ్వడం అంటే కొట్లో మందులమ్మినట్టు కాదు. మాత్రల అట్ట లోపలికి పోకూడదు. ఆ రేకు అంచుని గోడకేసి సాన పెడితే మెడ కోసేంత పదునెక్కుతుందట. గాజు సీసా అసలే పనికిరాదు. అందుకని మాత్రలన్నీ అట్టల్లోంచి విప్పి, ఎవరివి వాళ్ళకి విడివిడిగా పెట్టి, కిటికీ దగ్గర వరసలో ఒక్కొక్కణ్ణీ పిలిచి చేతిలో వెయ్యాలి. అక్కడే మింగాలి. మింగాక నోరు తెరవాలి, నాలుక ఎత్తాలి. లేకపోతే దవడ పక్కన దాచుకుని, ఖైదీలు పడుకునే బరాక్‌లోకి పోయి, నిద్రమాత్ర అయితే బీడీలకి మార్చుకుంటారు, లేదా కూడబెట్టుకుని ఒకేసారి మింగుతారు. ఆవిడ చేరిన కొత్తలో ఒకడు అలా కూడబెట్టి మింగాడు. బతికాడు గానీ, ఆ రోజు నుంచి మా ఆవిడ మనిషే మారిపోయింది. కూర్చోదు. అన్నం కూడా వంటింటి గట్టుకి ఆనుకుని నిలబడే తింటుంది. సినిమాకి తీసుకెళ్తే సగంలో లేచి బయటికి వెళ్ళి జైలుకి ఫోన్ చేస్తుంది. "ఇంజెక్షన్ సూదుల లెక్క సరిపోయిందా కనకలతా?" అని. కనకలత ఆవిడ కింద పనిచేసే ఫార్మసిస్టు. ఆ పిల్ల ఓర్పుకి దండం పెట్టాలి.

ఇంత జాగ్రత్త మనిషికీ ఒక బాధ ఉండేది. బెయిలు వస్తే ఖైదీ సాయంత్రం ఉన్నపళంగా బయటికి పోతాడు. లోపల టైముకి అందిన మందు బయట ఆ రాత్రి నుంచే ఆగిపోతుంది. షుగరాయన వెళ్ళిపోతాడు, టీబీ వాడు వెళ్ళిపోతాడు, ఎవరి చేతిలోనూ ఒక్క మాత్ర ఉండదు. దాని కోసం సూపరింటెండెంటుగారితో ఏడాది పైగా పోరాడింది. చివరికి విడుదలయ్యే ప్రతి మనిషికీ రెండు వారాల మందు కాగితంలో పొట్లం కట్టి, ఎర్ర దారం చుట్టి గేటు దగ్గర ఇచ్చేట్టు ఒప్పించింది. అప్పుడు మాత్రం నిజంగా సంతోషించింది. ఊళ్ళో ఎవరింటికి పేరంటానికి వెళ్ళినా ఆ పొట్లాల కథే చెప్పేది. వినీ వినీ నాకే విసుగొచ్చింది.

ఏసురత్నం క్యాంప్ 2 అనే కూలీల బస్తీ కుర్రాడు. పరంజాలు కట్టే పని. ఎంత ఎత్తుకైనా కోతిలా ఎక్కుతాడని పేరు. ఎవరో కొట్టుకుంటుంటే విడదీయబోయానని వాడంటాడు, కొట్టినవాళ్ళలో వాడూ ఒకడని పోలీసులంటారు. ఏదైతేనేం, లోపలికి వచ్చాడు. వచ్చిన కొన్నాళ్ళకే బరాక్‌లో ఫిట్స్ వచ్చి పడిపోయాడు. తర్వాత మళ్ళీ వచ్చింది. డాక్టరుగారు మందు రాశారు. మందు మొదలయ్యాక ఫిట్స్ ఆగిపోయాయి. ఈ హిందీ ఊళ్ళో వరసలో అందరూ "మేడమ్ జీ" అంటుంటే వాడొక్కడే తెలుగులో "అక్కా" అనేవాడట.

"మేడమ్ అనాలి ఇక్కడ" అని కసిరేదట ఈవిడ.

"సరే మేడమ్ అక్కా" అనేవాడట.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పి నవ్వుకునేది. అందుకే వాడికి బెయిలు వచ్చిన రోజున పొట్లం తన చేత్తో కట్టింది. గేటు దాకా వెళ్ళి మరీ చెప్పింది. మందు ఉన్నట్టుండి మానితే ఫిట్స్ ముందుకన్నా గట్టిగా వస్తాయని, కొన్నాళ్ళు ఎత్తులెక్కే పని వద్దని. వాడు అన్నిటికీ తలూపాడట.

ఆ సాయంత్రం ఆవిడ స్కూటీ రిపేరుకిచ్చి ఉంది. నేను నైట్ షిఫ్టులు అయిపోయి ఆఫ్‌లో ఉన్నాను. ఆవిణ్ణి తీసుకెళ్దామని వెళ్ళి, గేటు ఎదురుగా దేవాంగన్ టీ కొట్లో కూర్చున్నాను. గేటు చిన్న తలుపు తెరుచుకుని ఒక కుర్రాడు బయటికి వచ్చాడు. ఎదురుచూస్తున్న తల్లి వాణ్ణి వాటేసుకుని ఏడ్చింది. వాడు వెనక్కి తిరిగి చూడలేదు. టీ కొట్టు పక్కన తారుడబ్బా ఒకటి చెత్త కోసం పెట్టి ఉంది. వాడు దాని దగ్గర ఆగి చెప్పులు విప్పి అందులో పడేశాడు. జేబులోంచి ఏదో తీసి అది కూడా పడేశాడు. వట్టికాళ్ళతో తల్లి చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు.

రజని బయటికి వస్తూనే "ఏసురత్నం కనిపించాడా? వాళ్ళమ్మ వచ్చిందా?" అని అడిగింది.

"వచ్చింది. మీవాడు మహారాజు, చెప్పులు కూడా వదిలేసి పోయాడు" అన్నాను నవ్వుతూ. "ఏదో పొట్లం కూడా పడేశాడు."

ఆవిడ మొహంలో రంగు మారిపోయింది. నేరుగా ఆ డబ్బా దగ్గరికి పోయి చీర కొంగు నడుముకి దోపి లోపలికి వంగింది. నడిరోడ్డు మీద, జైలు ఉద్యోగి, చెత్తడబ్బాలో! "రజనీ, ఏమిటిది, లే!" అని అరిచాను. లేవలేదు. ఒక పొట్లం తీసింది. ఎర్ర దారం. ఇంకొకటి తీసింది. దానికీ ఎర్ర దారమే, తడిసి వెలిసిపోయింది. అడుగున ఇంకా ఉన్నాయి. చెప్పులు, సబ్బు పెట్టెలు, పళ్ళ పొడి డబ్బాలు, వాటి మధ్య పొట్లాలు. విప్పి మాత్రలు చూసి మనుషుల్ని గుర్తుపడుతోంది.

"ఇది షుగరు పెద్దాయనది. ఇది ఆ టీబీ పిల్లాడిది. వాడు బాగా ఉన్నాడనుకున్నానండీ."

దేవాంగన్ టీ వడకడుతూ తాపీగా చెప్పాడు. "దీదీ, జైల్ కా సామాన్ ఘర్ నహీ లే జాతే. ఫిర్ బులా లేతా హై." జైలు వస్తువు ఏదైనా వెంట తీసుకెళ్తే, దాన్ని తిరిగివ్వడానికి మళ్ళీ రావలసి వస్తుందట. అందుకే విడుదలైన ప్రతివాడూ అన్నీ ఆ డబ్బాలో వదిలేసి పోతాడు. మునిసిపాలిటీ వాళ్ళు ఎప్పుడో గుర్తొచ్చినప్పుడు వచ్చి ఎత్తుకుపోతారు.

"మరి నాకు ఒక్క ముక్క చెప్పలేదేం భయ్యా?" అంది రజని హిందీలో.

"మీరు అడగలేదు కదా దీదీ" అన్నాడు. అదీ నిజమే.

ఆవిడ ఏసురత్నం పొట్లం గుప్పిట్లో పట్టుకుని స్కూటరు ఎక్కింది. "క్యాంప్ 2కి పోనివ్వండి."

"పిచ్చా నీకు? జైలు వాళ్ళు ఖైదీ ఇంటికి వెళ్ళకూడదు. ఉద్యోగం ఊడుతుంది" అన్నాను.

"వాడు రేపే పరంజా ఎక్కుతాడండీ. వాడికి అదొక్కటే పని వచ్చు. పైన ఉండగా ఫిట్స్ వస్తే?" అంది. నేను స్కూటరు స్టార్టు చేశాను. మా ప్లాంటులో ఎత్తు మీంచి పడినవాణ్ణి నేను ఒకసారి చూశాను.

క్యాంప్ 2లో ఇల్లు వెతకడం తేలికే అయింది. "చౌక్‌లో ఇడ్లీ బండి కృపమ్మా? అదిగో, ఆ శిలువ బొమ్మ ఉన్న తలుపు" అని చూపించారు. గుమ్మం ముందు బకెట్టు, నేలంతా తడి. కొడుక్కి అక్కడే నెత్తిన నీళ్ళు కుమ్మరించి లోపలికి తీసుకెళ్ళినట్టుంది. తల తుడుచుకుంటూ ఏసురత్నం మమ్మల్ని చూసి గతుక్కుమన్నాడు.

"అక్కా! మీరేంటి ఇక్కడ?"

"ఇది పడేశావు" అని రజని పొట్లం చాపింది. గుమ్మం మీద కాలు పెట్టబోయింది.

కృపమ్మ అడ్డంగా వచ్చి నిలబడింది. పొట్టిగా, బలంగా ఉన్న మనిషి. గొంతులో మర్యాద తప్పలేదు గానీ చెయ్యి మాత్రం తలుపు మీదే ఉంది.

"నమస్తే మేడమ్. తప్పుగా అనుకోమాకండి. ఇయ్యాల లోపలికి రామాకండి."

"నేను కూర్చోడానికి రాలేదమ్మా. ఈ మందు..."

"మందు సంగతి కాదమ్మా. మీరు నా బిడ్డని బాగా చూసుకున్నారంట, చెప్పాడు. దేవుడు మిమ్మల్ని సల్లగా సూడాల. కానీ మీరు ఆడనించి వచ్చారు. ఒట్టి చేతుల్తో వచ్చినా రానీను."

మా ఆవిడ కాలు వెనక్కి తీసుకుంది. తన పొట్లాలతో పాటు తను కూడా ఆ తారుడబ్బాలో పడేసే వస్తువేనని ఆ క్షణంలో అర్థమైనట్టుంది. నాకు మాత్రం కోపం వచ్చింది. అంత దూరం వచ్చిన మనిషిని గుమ్మం దగ్గర నిలబెడతారా!

"ఫిట్స్ తగ్గలేదమ్మా, మందు వల్ల ఆగాయి. మానితే మళ్ళీ వస్తాయి" అంది రజని.

"అది జైలు జబ్బు మేడమ్. ఆడికి పోకముందు నా బిడ్డకి ఏ జబ్బూ లేదు. బయటికొచ్చాడు, జబ్బు ఆడనే ఉండిపోయింది. రేపు పనిలోకి పోతన్నాడు, మేస్త్రీ కబురెట్టాడు. పెద్ద షెడ్డంట, శానా ఎత్తంట."

"పని కాదు, పై నుంచి పడి చస్తాడు!" అని అరిచింది రజని.

సందంతా విన్నది. పక్కిళ్ళ తలుపులు తెరుచుకున్నాయి. ఏసురత్నం తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు. కృపమ్మ గొంతులో మర్యాద పోయింది.

"ఇంటికొచ్చిన రోజున ఆ మాటంటావా? నా గుమ్మంలో నిలబడి?" అని తలుపు వేసేసింది.

దారిపొడుగునా రజని ఆ పొట్లం గుప్పిట్లోంచి వదల్లేదు. ఇంటికొచ్చాక కాలు కాలిన పిల్లిలా వంటింటికీ వరండాకీ తిరుగుతూనే ఉంది. ఆ పొట్లం గట్టు మీద పెడుతుంది, మళ్ళీ తీస్తుంది. "అలా తిరిగితే ఏమొస్తుంది? కూర్చో" అంటే వినదు. చివరికి మా అమ్మ మంచం మీంచి కేకేసింది.

"ఏటయినాది? ఒకలైనా సెప్పండర్రా!"

చెప్పాను. డబ్బా సంగతి, గుమ్మం సంగతి, అన్నీ చెప్పాను. "మూఢనమ్మకంతో కన్నకొడుకుని చంపుకునేట్టుంది ఆవిడ" అని కూడా అన్నాను.

మా అమ్మ నా మీద విరుచుకుపడింది. "దాన్ని తిడతావేటిరా? నేనేటి సేసినాను? మీ నాన్న ఆస్పత్రిలోంచి ఇంటికొచ్చిన్నాడు, కొత్త ఫ్లాస్కు, కొత్త దుప్పటి, అన్నీ ఆ వార్డులోనే ఒదిలీసి రాలేదేటి? అక్కడి సామాను ఇంటికి తెస్తే మల్లీ పిలుస్తాదని. నర్సమ్మ 'మళ్ళీ రండి' అంటే దాని మీద కయ్యిమన్నాను కూడా."

రజని నడవడం ఆపేసింది. "మరి మావయ్యగారి మందులో అత్తయ్యా? అవి కూడా వదిలేశారా?"

"ఒదిలీనాం. బైట కొట్లో అయ్యే మందులు మల్లీ కొన్నాం. మందు మానీడానికి నాకేటి పిచ్చేటి? గేటు బైట సేతిలోకొస్తే అది బైటిదే."

కోడలు ఆ పొట్లం తీసుకెళ్ళి చెత్తబుట్టలో వేసింది. డాక్టరుగారికి ఫోన్ చేసి ఏసురత్నం పేరున మందు చీటీ ఫోన్లోనే పంపించమంది. సెక్టర్ 6 మార్కెట్లో మందుల కొట్టు మూసేలోగా నన్ను పరుగులు పెట్టించింది.

తెల్లవారాక, డ్యూటీకి వేసుకునే తెల్లకోటు ఇంట్లో వదిలేసింది. మెడలో వేసుకునే కార్డు తీసేసి మా అమ్మ చేతికిచ్చింది. మామూలు నూలు చీర కట్టుకుని నా స్కూటరు ఎక్కింది. మేము వెళ్ళేసరికి చౌక్‌లో కూలివాళ్ళంతా లారీ కోసం గుంపుగా నిలబడి ఉన్నారు. కృపమ్మ ఇడ్లీ బండి దగ్గర ఆవిరి లేస్తోంది. పక్కనే ఏసురత్నం భుజాన తాడు చుట్ట వేసుకుని నిలబడ్డాడు. మమ్మల్ని చూసి తల్లీకొడుకులిద్దరి మొహాలూ ముడుచుకుపోయాయి.

రజని బండి పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. అవును, కూర్చుంది! నేను నా కళ్ళతో చూశాను.

"ఒక ప్లేటు ఇడ్లీ పెట్టమ్మా" అంది.

అడిగినవాళ్ళకి తిండి లేదనడం కృపమ్మ వల్ల కాలేదు గావును, ప్లేటు పెట్టి చెట్నీ వేసింది. "ఇది బయటే గదా, కూచోండి" అంది ముభావంగా.

"నిన్న నోరు జారాను. ఆ మాట అనకూడదు. నాదే తప్పు" అంది రజని. ఆవిడ ఎవరినైనా క్షమాపణ అడగడం నేను చూడటం కూడా అదే మొదలు. ఇడ్లీ తుంచి తిని, అప్పుడు సంచిలోంచి మాత్రల అట్ట తీసి బండి మీద పెట్టింది. "ఇది రాత్రి సెక్టర్ 6 కొట్లో కొన్నాం. గేటు లోపలికి వెళ్ళలేదు. కావాలంటే మా ఆయన్ని అడుగు."

"అవునమ్మా, నేనే తెచ్చాను" అన్నాను.

కృపమ్మ అట్టని ముట్టుకోలేదు. "మందు బయటిదే. మరి జబ్బు ఆడిదేగా."

"నిజంగా అక్కడిదేనా? చిన్నప్పుడు ఎప్పుడూ రాలేదా? ఒక్కసారి కూడా?"

గరిటె చేతిలో పట్టుకుని ఆవిడ కొడుకు వంక చూసింది. తర్వాత ఇడ్లీ పాత్ర వంక చూసింది.

"చిన్నప్పుడు జొరంలో ఒకసారి కొట్టుకున్నాడు. తర్వాత గుడిలో పాటలు పాడేటప్పుడు ఒకసారి పడ్డాడు. పాస్టరుగారు ప్రార్థన చేస్తే లేచాడు. మళ్ళీ రాలేదులే అని నేను..." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నాకెప్పుడూ చెప్పలేదేంటమ్మా?" అన్నాడు ఏసురత్నం.

"ఏం చెప్పనురా? చెబితే పిల్లనెవరిస్తారు నీకు?"

లారీ వచ్చి హారన్ కొట్టింది. మేస్త్రీ కిందకి దిగకుండానే "అరే రతన్, చల్!" అని ఏసురత్నాన్ని పిలిచాడు. మా ఆవిడ లేవలేదు, అరవలేదు. స్టూలు అంచుని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ఆ చేతులు చూస్తే తెలుస్తుంది ఎంత కష్టంగా కూర్చుందో. ఏసురత్నం లారీ వంక చూశాడు, తల్లి వంక చూశాడు.

"జా, ఏసూ. పోయి చెప్పు ఆయనకి" అంది కృపమ్మ, చిన్న గొంతుతో.

వాడు వెళ్ళి భుజం మీది తాడు చుట్ట లారీలో పడేశాడు. "భయ్యా, ఆజ్ సే నీచే కా కామ్ దో. ఊపర్ నహీ చఢూంగా" అన్నాడు. కింద ఉండి ఇనుప గొట్టాలు అందిస్తాను గానీ పైకి ఎక్కనన్నాడు. మేస్త్రీ బూతు ఒకటి తిట్టి, రెండు నిమిషాలు ఆగుతాను రమ్మన్నాడు.

వాడు తిరిగొచ్చి మాత్రల అట్ట చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. లోపల రోజూ మింగినా వాడు ఆ మాత్రని అట్టలో చూడటం ఇదే మొదలు. వెనక ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కున్నాడు.

"దీనికి పేరుందా అక్కా?"

"ఉంది. గుర్తు పెట్టుకో. ఏ ఊళ్ళోనైనా ఆ పేరు చెబితే ఇస్తారు" అంది రజని.

కృపమ్మ చెంబుతో నీళ్ళు ముంచి ఇచ్చింది. వాడు రేకు చింపి మాత్ర నోట్లో వేసుకుని నీళ్ళు తాగాడు. తాగి, చెంబు కింద పెట్టి, మా ఆవిడ ముందు తిన్నగా నిలబడ్డాడు. చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. అంతమంది కూలివాళ్ళు చూస్తుండగా నోరు పెద్దగా తెరిచి, నాలుక పైకెత్తాడు.

కృపమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఏందిరా అది? ఏం చేస్తన్నావు?"

వాడు నోరు తెరిచే ఉంచాడు, మా ఆవిడ చూసి సరే అనేదాకా.

రజని గబుక్కున లేచి వాడి గడ్డం కింద చెయ్యి పెట్టింది.

"మూసెయ్ నాన్నా" అంది. "ఇక్కడ ఎవరూ చూడరు."